కండె, మూడో వెర్షన్

మళ్ళీ జారిపోయింది.
మగ్గం పక్కన పెట్టిన కండె
నేలని నేలనుకోకుండా
దూసుకుపోయి
ఎవరూ గియ్యని బూడిదరంగులోకి
పడుతూనే ఉంది.
అక్కడ అడుగన్నది లేదు. నేనే పెట్టలేదు.

రాత్రి రెండున్నర. డండీ.
కిటికీ అవతల టే నది మీద
రైలు వంతెన దీపాలు.
లాబ్‌లో నేనూ, గురకపెట్టే ఒక కంప్యూటరూ,
కుర్చీలోనే నిద్రపోయిన కాలమ్.
(చెట్టుకి ఆకులు ఊగించడం వాడి థీసిస్.
నెలన్నరగా ఒకే చెట్టు.
మా భాషలో నీ పేరుకి అర్థం ఇదీ అంటే
"మరి నాకెప్పుడూ చాలదేం?" అన్నాడు.)

నాది ఒక జనపనార మిల్లు,
ఒక షిఫ్టు, ఒక పదిహేనేళ్ల పిల్ల.
కూత పడేదాకా బతికితే ఆట అయిపోయినట్టు.
ఫైలుకి కండె అని పేరు పెట్టాను,
ఆ పూట ఇంగ్లీషు మాట గుర్తుకి రాక.
చీరాల్లో మా సందులో
ఆ మాట చెప్పుల కింద కూడా దొరికేది.

గురువారం ఆడి చూడ్డానికి మోరీన్ గారొచ్చారు.
డెబ్బై తొమ్మిదేళ్లు, తడిసిన కోటు.
కంట్రోలర్ని వేడి కప్పులా
రెండు చేతుల మధ్య పట్టుకున్నారు.
ఎటు వెళ్ళాలో తెలియాలని పసుపు బాణం పెట్టాను.
ఆవిడ అటు వెళ్ళలేదు.
మగ్గం ముందు నిలబడ్డారు.
నిలబడే ఉన్నారు.
నా లెక్కల్లో అది
'ఆటగాడు దారి తప్పాడు' అని నమోదైంది.

"ఇంత నిశ్శబ్దంగా ఉండేది కాదమ్మా" అన్నారు చివరికి.
"మాటలెక్కడ వినబడతాయి? పెదాలు చూసేవాళ్ళం."

ఆరు వారాలు రాసి,
ఇక్కడి యాస పలికే నటుల చేత చెప్పించి,
లైనుకింతని నా బియ్యం డబ్బులు పోసిన
నూట పన్నెండు సంభాషణలు
ఆ ఒక్క మాటతో వెలిసిపోయాయి.

తర్వాత ఆవిడ నా వైపు తిరిగి
చప్పుడు లేకుండా ఏదో అన్నారు.
నాకు తెలియలేదు.
మళ్ళీ అన్నారు, నోరు సాగదీసి,
కళ్ళతో కాస్త సాయం చేస్తూ.
ఊహూఁ.
నవ్వి, బస్సుందని వెళ్ళిపోయారు.
ఏమన్నారో అడగాల్సింది. అడగలేదు.

గొంతులన్నీ తీసేశాను.
తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు
ఓష్ఠ్యాలు అని బల్ల గుద్ది చెబుతుంటే
వెనక బెంచీలో గుర్రాలు గీసిన దాన్ని
ఇప్పుడు చేతద్దం పట్టుకుని
ప దగ్గర, బ దగ్గర
పెదాలు ఎన్ని ఫ్రేములు కలిసుంటాయో లెక్కపెడుతున్నాను.
మూడు.
మ అయితే నాలుగు. ఎందుకో దానికి విడిపోబుద్ధి కాదు.

డాక్టర్ ఆల్డ్రిడ్జ్ మంచిమనిషే.
"పోర్ట్‌ఫోలియోని నలభై సెకన్లే చూస్తారు,
ఒక కత్తి పెట్టు, ఒక మంట పెట్టు" అంటుంది,
నా వీసాలో మిగిలిన నెలలు నాకంటే తనకే బాగా గుర్తు.
బ్రైటన్ స్టూడియో వాళ్ళు రాశారు:
మీ పని ఆసక్తికరంగా ఉంది, అయితే.
ఇది పదకొండో అయితే.

తప్పు ఎక్కడో దొరికింది.
నేలకి గట్టిదనం ఇచ్చే గడిలో టిక్ లేదు. అంతే.
పెట్టేముందు ఒక్కసారి
కెమెరాని కండె వెనకే కిందికి వదిలాను,
ఎంతదాకా పోతుందో చూద్దామని.
పోతూనే ఉంది, దారం విప్పుకుంటూ.
పైన నా మిల్లు
గోరంత దీపమైంది.

టిక్.
ఈసారి కండె ఆగింది,
కొంచెం దొర్లి, మగ్గం కాలికి తగిలి.

హెడ్‌ఫోన్లలో మిల్లు మోత పూర్తిగా పెంచి
వింటుండగా కాలమ్ లేచాడు,
నా వైపు చూసి ఏదో అన్నాడు.
పెదాలు ఒక్కసారీ కలవలేదు.
ప కాదు, బ కాదు, మ కాదు.
టీ అయ్యుంటుంది.
తలూపాను.